మా లేసుని గడప దాటించిన వాళ్ళందరికీ

ఆగస్టులో ఆగిపోయిన లేసు సరుకు ఆఖరి పార్శిలు మొన్న శనివారం పోస్టాఫీసుకి వెళ్ళింది. సాయపడ్డవాళ్ళకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవాలి గానీ, సగం మంది పేరు పెట్టొద్దన్నారు. మా మేనకోడలైతే “నా పేరు కనిపించిందంటే ఊళ్ళో వాళ్ళంతా నాకే ఫోన్ చేస్తారత్తా, నాకు పరీక్షలున్నాయి” అని ముందే దండం పెట్టేసింది. అందుకని వరసలు పెట్టి చెప్తాను. ఎవరికి వారు గుర్తుపట్టుకోండి.

మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు వాళ్ళకి లేసు గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇక్కడ అరుగు మీద ఆడవాళ్ళు కూర్చున్నారంటే చేతిలో క్రోషే సూదీ, ఒళ్ళో దారం ఉండా ఉంటాయి. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పిన పని ఇది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. పని నడిచే తీరు మాత్రం పాతదే. ఏజెంటు దారం, నమూనా ఇస్తాడు. అల్లింది పట్టుకెళ్ళి ముక్కకి ఇంత అని చేతిలో పెడతాడు. అది ఏ దేశం వెళ్ళిందో, అక్కడ ఎంతకి పోయిందో అల్లినవాళ్ళకి తెలీదు.

నేను కొన్నాళ్ళుగా దారం సొంతంగా కొని, మా వీధి ఆడవాళ్ళతో కలిసి అల్లించి, నేరుగా ఒక ఎగుమతిదారుకి ఇస్తున్నాను. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది కదా, ఆ వారమే ఆయన ఫోన్ చేసి “అమ్మా, ఇప్పటికి ఆపేయండి” అన్నారు. అప్పటికే అల్లేసిన డాయిలీలు (గిన్నెలు, కూజాల కింద వేసే చిన్న లేసు ముక్కలు), బల్ల మీద పొడుగ్గా పరిచే టేబుల్ రన్నర్లు, దిండు గలీబుల అంచులు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. ఆయన్ని అని లాభం లేదు, ఆయన సరుకు కూడా గోడౌన్‌లోనే ఉండిపోయింది. కానీ దారం అప్పు నాది. అల్లినవాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బులూ నేనే ఇవ్వాలి. ఆ టెన్షన్ ఎలాంటిదో ఇంట్లో పని పెట్టుకున్న ఎవరికైనా తెలుస్తుంది.

మొదటి దండం మా మేనకోడలికే. కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతోంది, దసరా సెలవులకి వచ్చింది. ట్రంకు పెట్టె తీసి చూసి, ఆన్‌లైన్‌లో అమ్ముదాం అంది. ఆన్‌లైన్ అంటే నాకు తెలిసింది గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు, పెళ్ళి ఫొటోలు. ఆ పిల్ల ముందు నా ఫోను తీసుకుని కెమెరా అద్దం తన చున్నీ కొంగుతో తుడిచింది. తర్వాత తెల్ల దుప్పటి మీద పరిచిన తెల్ల డాయిలీని ఫొటో తీసి చూపించింది. ఏమీ కనపడలేదు, ఏదో మరక ఉన్నట్టుంది. బీరువాలోంచి నేరేడు పండు రంగు జాకెట్టు ముక్క తీసి దాని మీద పరిచింది. అంతే, ఒక్కో రేకా, ఒక్కో గొలుసు కుట్టూ విడివిడిగా పైకి లేచాయి. ఎండ నేరుగా పడకుండా పొద్దున్న పూట వీధరుగు మీదే తీయాలంది, ఫ్లాష్ వెయ్యొద్దంది. పక్కన స్టీలు గ్లాసు పెట్టి ఇంకో ఫొటో, సైజు తెలియడానికి. తిరగేసి మరో ఫొటో. వెనక వైపు ఎందుకే అంటే, “చేత్తో చేసిందని నమ్మేది వెనక చూసేనత్తా” అంది. నిజమే. మిషన్ లేసు బజార్లో చవగ్గా దొరుకుతుంది, దూరం నుంచి చూస్తే అదీ లేసే. క్రోషే కుట్టు మాత్రం మిషన్‌కి అచ్చంగా రాదు. దగ్గర్నుంచి తీసిన ఫొటోలో ఆ తేడా తెలిసిపోతుంది.

కొలతలు కూడా అంగుళాల్లో, సెంటీమీటర్లలో రెండు రకాలుగా రాయించింది. గంజి పెట్టి, పిన్నులు గుచ్చి ఆరేశాకే కొలవమంది. అప్పటిదాకా మేం ‘చిన్నది, మధ్యది, పెద్దది’ అనుకునేవాళ్ళం, మాలో మాకు సరిపోయేది.

ఇక ధర దగ్గర ఇంట్లో పెద్ద గొడవే అయింది. నేను “ధర అడిగితే చెప్తాం అని పెట్టు” అన్నాను, అందరూ అలాగే పెడుతున్నారు కదా అని. మా మేనకోడలికి ఆ మాట అస్సలు గిట్టదు. ధర దాచిన చోట తను కూడా కొనదట, మొహమాటపడి అడగనివాళ్ళే ఎక్కువట. సరే, ఎంత పెడదాం? అక్కడ అందరం ఆగిపోయాం. ఎన్నో ఏళ్ళుగా అల్లుతున్నాం, ఒక్క డాయిలీకి ఎంతసేపు పడుతుందో మాలో ఒక్కరికీ తెలీదు. మధ్యలో పొయ్యి మీద పాలు చూడ్డం, మనవడికి అన్నం పెట్టడం, మళ్ళీ సూది పట్టడం. దాన్ని పనిగా ఎవరు లెక్కపెట్టారు?

ఆ పిల్ల మా పిన్ని పక్కన ఫోన్ పెట్టి స్టాప్‌వాచ్ నొక్కింది. పిన్ని లేస్తే ఆపడం, కూర్చుంటే నొక్కడం. “నా పనికి గడియారమేమిటే, నేనేమన్నా రైలా” అని పిన్ని ఒకటే నవ్వు. ఎనిమిది అంగుళాల డాయిలీకి నాలుగు గంటలు తేలింది. అప్పటికి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఎనిమిది గంటల రోజు అనుకుంటే గంటకి 38 చిల్లర. “కనీసం మట్టి తవ్విన కూలికైనా తగ్గకూడదు కదత్తా” అంది. అంటే పిన్ని చేతి కూలే 150 దాటింది. దారం, గంజి, ఇస్త్రీ, పార్శిలు కవరు కలిపితే 200 అయింది. ఏజెంటు ఇచ్చేది అందులో మూడో వంతు కూడా కాదు. పిన్ని నవ్వు ఆపేసి ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసింది. “ఇంత పెడితే ఎవరు కొంటారే” అని అందరూ భయపడ్డారు. నేనూ భయపడ్డాను. మా మేనకోడలు మాత్రం ఒక్క రూపాయి తగ్గించనివ్వలేదు, పైగా ఆ డాయిలీ ప్రతి ఫొటో కింద ‘ఇది అల్లడానికి నాలుగు గంటలు పడుతుంది’ అని రాసింది. బేరాలు ఆగింది ఆ ఒక్క వాక్యంతోనే అని నా నమ్మకం.

భీమవరం టీచరుగారూ, మొట్టమొదట కొన్నది మీరే. కొని ఊరుకోకుండా టీవీ కింద బల్ల మీద పరిచి, ఫొటో తీసి మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు. “ధర ఎక్కువ కాదు, నాలుగు గంటల పని” అని మీరు అక్కడ వాదించారని తర్వాత మీ పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పారు. నేను ఎన్ని పోస్టులు పెట్టినా ఆ ఒక్క మాటకి సరిరాదు. ఆ గ్రూపు నుంచి వచ్చిన ఆర్డర్లతోనే దారం అప్పులో సగం తీరింది.

ఆత్రేయపురంలో పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్మే అన్నయ్యగారికి ఎంత చెప్పినా తక్కువే. ముక్కూ మొహం తెలియని నేను ఫోన్ చేస్తే, పండగ ఆర్డర్ల హడావుడిలో ఉండి కూడా గంట మాట్లాడారు. ముట్టుకుంటే పొడైపోయే సరుకుని ఊళ్ళు దాటించే మనిషి కదా, ప్యాకింగ్ సంగతి ఆయన దగ్గరే నేర్చుకోవాలి. చాలా కొరియర్లలో బరువొక్కటే చూడరని ఆయన చెప్పేదాకా నాకు తెలీదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చింది అసలు బరువు కంటే ఎక్కువుంటే దానికే డబ్బులు కట్టాలి. లేసు అరకిలో కూడా ఉండదు, కానీ పొడవు, వెడల్పు ముప్పై సెంటీమీటర్లు, ఎత్తు ఇరవై ఉన్న పెట్టెలో వదులుగా వేస్తే 3.6 కిలోల లెక్క పడుతుంది. ఇప్పుడు రెండు అట్టల మధ్య పలచగా పరిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన గుడ్డ సంచి కుడుతున్నాం. మా పోస్టాఫీసు కౌంటర్లో ఉండే చెల్లెమ్మ కూడా ప్రతి పార్శిలూ తిప్పి చూసి, పిన్‌కోడ్‌లో ఆరో అంకె ఎగిరిపోయినవి వెనక్కిచ్చి మరీ రాయించేది. తల్లీ, నీకూ దండమే.

ఆ అన్నయ్యగారే మరో రెండు మాటలు చెప్పారు. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పెట్టినా, మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ వెళ్తుందట. అందుకే ఇప్పుడు ప్రతి పార్శిల్లో ‘మా నంబరు సేవ్ చేసుకోండి’ అని చిన్న చీటీ పెడుతున్నాం, పిన్ని మనవరాలి దస్తూరీతో. రెండోది, భౌగోళిక గుర్తింపు లోగో సంగతి. వాళ్ళ పూతరేకులకి 2023లో వచ్చింది కాబట్టి ఆయనకి ఆ వివరం తెలుసు. ఊరికి గుర్తింపు వచ్చినంత మాత్రాన మన కవరు మీద లోగో అచ్చేయించుకోకూడదు, వాడుకునేవాళ్ళుగా మన పేరు విడిగా రిజిస్టర్ కావాలి. మా కవర్ల మీద ఆ లోగో ఏదని అడుగుతున్నవాళ్ళకి ఇదే జవాబు. కాగితాలు పెడుతున్నాం.

మా వీధి చివర బ్యాంకులో చేసి రిటైరైన బాబాయ్ గారు ఒక సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి ఒకే మాట పది రకాలుగా చెప్పారు: మనకి డబ్బు రావాలంటే మనం ఏ కోడూ స్కాన్ చెయ్యక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతున్నట్టే. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపొద్దు, ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి. తర్వాత కొన్నాళ్ళకే ఒకడు మిలిటరీ ఆఫీసర్నంటూ ఫోన్ చేశాడు. మెస్సుకి వంద టేబుల్ మ్యాట్లు కావాలన్నాడు, అడ్వాన్సు వేస్తాను, ఈ కోడ్ స్కాన్ చెయ్యండి అన్నాడు. ఫోన్ పిన్ని చేతిలో ఉంది. ఆవిడ వాడికి బాబాయ్ గారి పాఠం మొత్తం అప్పజెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్తానంది. వాడు పెట్టేశాడు. పిన్ని ఇంకా వాడి నంబరుకి తిరిగి చేద్దామంటూనే ఉంది.

పెద్ద ఆన్‌లైన్ దుకాణాల్లో ఎందుకు పెట్టరని చాలామంది అడుగుతున్నారు. ఒక దాంట్లో పెట్టి చూశాం. ఒక రన్నరు పసుపు మరకతో వెనక్కి వచ్చింది, ఏదో శుభకార్యానికి వాడి పంపినట్టున్నారు. మరక పోలేదు, డబ్బు మాత్రం వాళ్ళకి వెళ్ళిపోయింది. పెద్ద సరుకు ఉన్నవాళ్ళకి ఇదొక లెక్క కాకపోవచ్చు. వారం పాటు ఒక మనిషి కూర్చుని చేసే వస్తువుకి మాత్రం ఈ పద్ధతి కుదరదు. గూగుల్ మ్యాప్‌లో మా పేరు కనిపించేలా మేనకోడలే చేసింది, ఇంటి అడ్రసు బయటికి కనపడకుండా చుట్టుపక్కల ఊళ్ళు మాత్రం చూపించేలా. ఇంట్లో ఆడవాళ్ళం ఉండే చోటు కాబట్టి అది నాకు బాగా నచ్చింది.

మా ఫొటోలు ఎత్తుకుపోయి మిషన్ లేసు అమ్ముతున్న పేజీ గురించి నాకు కబురు పెట్టినవాళ్ళకి, అక్కడికెళ్ళి “వెనక వైపు ఫొటో పెట్టండి” అని వరసగా కామెంట్లు పెట్టినవాళ్ళకి కూడా థాంక్స్. ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరే చేశారు. ఆ పోస్టు రెండు రోజుల్లో మాయమైపోయింది.

ఇక మా ఇంటాయన. ఆయన పేరెత్తకపోతే రేపటి నుంచి పార్శిళ్ళు మోసే మనిషుండడు. వానలో, ఎండలో, రేవు దాకా వచ్చి తీసుకుంటామన్న సఖినేటిపల్లి వాళ్ళకి గోదావరి దాటించే పంటు దగ్గరకి వెళ్ళి కూడా ఇచ్చొచ్చారు. ఆ పెట్రోలు ఖర్చు ధరలో కలపలేదని మేనకోడలు ఇప్పటికీ సణుగుతోంది.

ఎగుమతి ఆర్డర్లు మళ్ళీ మొదలైనా కొంత సరుకు ఇలాగే అమ్ముదామని అందరం అనుకున్నాం. అల్లినవాళ్ళ బాకీలన్నీ తీరాయి. పిన్ని తన వాటాతో కళ్ళజోడు మార్పించుకుంది, ఇప్పుడు సన్న దారం కూడా అల్లుతోంది.

కర్టెన్లు అడిగినవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి, ఒక్కో కర్టెన్ ఇద్దరు కలిసి అల్లినా వారాల పని. లేత పసుపు రంగులో రన్నరు కావాలన్న విజయవాడ అమ్మగారూ, ఆ దారం పాలకొల్లులో దొరికింది. మీ బల్ల పొడవు ఒకసారి సెంటీమీటర్లలో పంపిస్తే సోమవారం మొదలుపెడతాం.