తెలుగు మాటల మీదా పరిశోధన జరగాలి

సంపాదకుల వారికి నమస్కారం.

సైకోసిస్ అంటే ఏది నిజమో ఏది భ్రమో తెలియకుండా పోయే మానసిక జబ్బు. అది చాలాసార్లు మొదట మాటల్లోనే బయటపడుతుంది. ఒక మాటకీ తర్వాతి మాటకీ లంకె తెగిపోతుంది. మా వీధిలో డిగ్రీ చదివే కుర్రాణ్ని వాళ్లమ్మ "అన్నం తిన్నావా నాయనా" అని అడిగితే "బస్సు పోయింది, గంట కొట్టినారు, అందుకే నీళ్లు ఉప్పగుండాయి" అనేవాడు. దయ్యం పట్టిందని అంత్రాలు కట్టించారు, గుళ్లు తిప్పారు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి నెలలు గడిచిపోయాయి. చికిత్స ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టం.

ఈ లంకెను ఇప్పుడు కంప్యూటరుతో కొలుస్తున్నారు. 2015లో అమెరికా, అర్జెంటీనా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు వచ్చే ప్రమాదం ఉన్న 34 మంది యువతీయువకుల మాటల్ని విశ్లేషించారు. తర్వాత జబ్బు పడిన ఐదుగురినీ, మొదట్లో రికార్డు చేసిన మాటల్ని బట్టే ఆ లెక్క వేరు చేయగలిగింది. మెదడు స్కాన్లలోనూ భాషను గ్రహించే టెంపొరల్ భాగంలో తేడాలు కనిపిస్తున్నాయి. 34 మంది అంటే చిన్న లెక్కే. దాన్ని పట్టుకుని ఎవరిమీదా ముద్ర వేయకూడదు.

అయితే అది ఇంగ్లీషు మాటల లెక్క. ఇంగ్లీషులో చాలా మాటలు పట్టేదాన్ని మనం "రాలేకపోయాడంట" అని ఒక్క మాటలో చెప్పేస్తాం. పైగా మన చిత్తూరు వైపు తమిళం కూడా కలుస్తుంది. తిరుపతిలో ఐఐటీ, రుయా ఆసుపత్రి, ఎస్వీ యూనివర్సిటీ మూడూ ఉన్నాయి. రోగుల, కుటుంబాల అనుమతితో, పేర్లు బయటపెట్టకుండా తెలుగు మాటల నమూనాలు సేకరించే పని వీరు కలిసి మొదలుపెట్టాలి.

ఈలోగా పిల్లల మాటతీరు మారితే దయచేసి దాచకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

- ఒక రిటైర్డు టీచరు, చంద్రగిరి, తిరుపతి జిల్లా