అమ్మలూ, ఆ రెండో షిప్పే బుక్ చెయ్యి

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బాల్టిక్ సముద్రం క్రూజ్ ప్లాన్లు రెండూ నిన్న రాత్రి కూర్చుని పూర్తిగా చదివాను, మీ అమ్మకి కూడా చదివి వినిపించాను. ఫోన్లో చెబుదామంటే బుడ్డోడి అల్లరిలో నీకు సగం వినపడదు, అందుకే రాస్తున్నా. నా ఓటు రెండోదానికే. అదే, చిన్న షిప్పు, కోపెన్‌హాగన్‌లో ఎక్కి విస్బీ, స్టాక్‌హోమ్, టాలిన్, రిగా, గ్డాన్స్క్ చూసుకుని వచ్చేది. మొదటిదాంట్లో వాటర్ స్లైడులూ రోజుకో షో అన్నీ ఉన్నాయి, కాదనను, కానీ ఆ ఊళ్లు ఏడెనిమిది వందల ఏళ్ల నుంచి రేవులుగా బతికిన ఊళ్లమ్మా, అంత దూరం వెళ్లి వాటిని పైపైన చూసి వచ్చేస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

సర్వీసంతా పోర్టులోనే చేశాను కదా, నాకు షిప్పు ఎంత పెద్దది అనేదానికంటే ముందు అది ఏ బెర్త్‌లో, అంటే రేవులో ఏ చోట, కడతారో చూడ్డం అలవాటు. మొదటి ప్లాన్ ఒకసారి మళ్లీ తీసి చూడు. స్టాక్‌హోమ్ అని పెద్దగా రాసి కింద చిన్న అక్షరాల్లో నీనస్‌హామ్న్ అని ఉంది. అది స్టాక్‌హోమ్‌కి దక్షిణంగా దాదాపు 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి రైల్లో గంట. అలాగే బెర్లిన్ అని రాశారు గానీ ఆగేది వార్నెముండేలో, అక్కడి నుంచి బెర్లిన్‌కి పోవడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. పొద్దున ఎనిమిదికి కట్టి సాయంత్రం ఆరింటికి వదిలే షిప్పులో అందరూ దిగేసరికే కొంత టైం పోతుంది, వదలడానికి ముందే మళ్లీ లోపల ఉండాలి, ఇక ఊళ్లో మిగిలేది ఎంత చెప్పు. రెండోదాంట్లో స్టాక్‌హోమ్‌లో ఒక రాత్రి ఆగుతున్నారు, బెర్త్ కూడా ఊళ్లోనే. టాలిన్‌లో అయితే షిప్పు దిగి నడుచుకుంటూ పాత ఊరికి ఇరవై నిమిషాల్లోపే వెళ్లిపోవచ్చు, వాళ్ల టూర్ బస్సుకి డబ్బులు కట్టే పనే లేదు. గ్డాన్స్క్ ఒక్కటి కనుక్కో, చాలా షిప్పులు పక్కనున్న గ్దినియాలో ఆగుతాయి, అక్కడి నుంచి లోకల్ రైలు ఉంది, ఫరవాలేదు.

ఇంకోటి, స్టాక్‌హోమ్‌లోకి షిప్పు వెళ్లే దారి. వేల దీవులు, కొన్ని గంటల పాటు వాటి మధ్య సందుల్లోంచే వెళ్తుంది, పైన్ చెట్లూ ఎర్ర చెక్క ఇళ్లూ రెండు పక్కలా దగ్గర్నుంచి కనపడతాయట. రేవు దారి తెలిసిన పైలట్ అలాంటి ఛానెల్లో షిప్పుని తిప్పుకుంటూ వెళ్తుంటే చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో ఉంది. తెల్లారగట్టే లేచి డెక్ మీదకి వెళ్లాలి, బుడ్డోణ్ణి నేను లేపుతాను.

ఇక వాసా. దాని కోసమే అయినా ఈ ట్రిప్పు వెయ్యాలి. స్వీడన్ రాజు 64 ఫిరంగులతో కట్టించిన యుద్ధనౌక, 1628 ఆగస్టు 10న మొదటిసారి బయల్దేరి హార్బర్ కూడా దాటకుండా కిలోమీటరుంపావు వెళ్లి మునిగిపోయింది. పైన బరువు ఎక్కువ, ఓడ ఒరగకుండా అడుగున వేసే బరువు, బ్యాలస్ట్ అంటాం, అది చాల్లేదు, కొంచెం గట్టి గాలి వచ్చేసరికి ఒరిగిపోయి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు లోపలికొచ్చేశాయి. అంతకుముందే రేవులో టెస్ట్ చేశారమ్మా, ముప్ఫై మంది చేత డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి పరిగెత్తిస్తే షిప్పు ఎంత ఊగిందంటే భయపడి టెస్టే ఆపేశారు, అయినా బయల్దేరదీశారు. స్టెబిలిటీ లెక్కల గురించి జీవితమంతా వింటూ వచ్చినవాణ్ణి, అది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. 1961లో పైకి తీసేదాకా, 333 ఏళ్లు, ఆ చెక్క పాడవలేదు. బాల్టిక్ నీళ్లలో ఉప్పు తక్కువ, ఓడ చెక్కని తొలిచేసే పురుగు అక్కడ బతకదు. మన దగ్గర ఉప్పునీళ్లలో అయితే చెక్క అన్నేళ్లు మిగిలే ప్రశ్నే లేదు. ఇప్పుడు షిప్పు మొత్తం మ్యూజియంలో నిలబెట్టి పెట్టారు, బుడ్డోడు దాని ముందు నిలబడి తలెత్తి చూడాలి, నాకంతే.

ఈ ఊళ్లన్నిటినీ కలిపింది హాన్సా అనే వర్తకుల కూటమి, పూర్వం మన దగ్గరున్న అయ్యావళి వర్తక సంఘాల్లాంటిది అనుకో. ఆ కూటమికి పెద్ద జర్మనీలోని లూబెక్ ఊరు, ఉప్పు, చేపలు, తోలు, మైనం, ధాన్యం అన్నీ వీళ్ల ఓడల్లోనే తిరిగేవి. టాలిన్‌కి లూబెక్ చట్టం, అంటే లూబెక్ ఊరు నడిచే నియమాలే, వచ్చింది 1248లో. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించింది 1244లో, అంటే నాలుగేళ్ల తేడా. తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునేవాళ్లు, ఇక లాక్కోం, పన్ను మాత్రమే తీసుకుంటాం, ధైర్యంగా రండి అని రాతి మీద చెక్కించాడు. అక్కడ ఆ చలి సముద్రంలోనూ ఇక్కడ మన బాపట్ల ఒడ్డునా సముద్ర వర్తకుడికి అదే కాలంలో ఒక భరోసా దొరికింది. మోటుపల్లి ఇప్పుడు చిన్న పల్లె, టాలిన్ ఇప్పటికీ రేవే. 1404 నాటికి కట్టిన టౌన్‌హాలు, దాని ఎదురుగా 1422 నుంచి రికార్డుల్లో ఉన్న మందుల షాపు, అది ఇప్పటికీ నడుస్తోంది. మీ అమ్మకి మోకాళ్లు కదా, అక్కడంతా రాళ్లు పరిచిన వీధులు, పైన కోట దాకా ఎక్కించకు, ఆ చౌక్‌లో కూర్చోబెడదాం, మందుల షాపు చూసుకుని వస్తుంది. గ్డాన్స్క్‌లో నదొడ్డున పాత చెక్క క్రేను ఉంది, పెద్ద చక్రాల లోపల మనుషులు నడుస్తూ టన్నుల బరువు లేపేవాళ్లు, యుద్ధంలో కాలిపోతే మళ్లీ కట్టారు. దాని దగ్గర నన్ను తొందరపెట్టొద్దు.

అల్లుడుగారు బెర్గెన్ అన్నారని చెప్పావు. మంచి ఊరే, హాన్సా వాళ్ల చెక్క ఇళ్లు ఇంకా ఉన్నాయి, కానీ దానికి నార్త్ సీ మీద వెళ్లాలి, అరకు ఘాట్‌రోడ్డులోనే మీ అమ్మకి వాంతులు. బాల్టిక్ వేసవిలో మామూలుగా నెమ్మదిగా ఉంటుంది, ఆటుపోట్లు కూడా దాదాపు ఉండవు. బెర్గెన్ ఇంకోసారి మీరిద్దరూ వెళ్లండి. సెయింట్ పీటర్స్‌బర్గ్ 2022 నుంచి ఈ రూట్లలో తీసేశారు, దాని గురించి ఆలోచించకు.

జూన్ మొదటి రెండు వారాల్లో చూడు. మాకు ఇక్కడ రోహిణి కార్తె ఎండలు తప్పుతాయి, అక్కడ రాత్రి పదైనా వెలుగే. నెలాఖరుకి పోతే స్వీడన్‌లో మిడ్‌సమ్మర్, టాలిన్ ఉన్న ఎస్టోనియాలో 23, 24 తేదీల్లో పండగ, షాపులు మూసేస్తారు. బాల్కనీ రూముకి డబ్బులు పెట్టకు, అంత వెలుగులో బుడ్డోడు పడుకోడు, కిటికీ లేని రూమే మేలు, చూడాల్సింది డెక్ మీద చూద్దాం. ఆ మిగిలిన డబ్బుతో మీ అమ్మకి మంచి స్వెట్టరూ గట్టి బూట్లూ కొను. రోజువారీ సర్వీస్ చార్జి టికెట్‌లో కలిసిందా, బుడ్డోడికి కూడా వేస్తారా అని ముందే అడుగు.

వీసా సంగతి, ఈ ఆగేవన్నీ షెంగెన్ దేశాలే, ఒక్క వీసా సరిపోతుంది, ఎక్కువ రోజులు నీ దగ్గరే ఉంటాం కాబట్టి జర్మనీకే అప్లై చేస్తాం. 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఇక్కడ నేను తీసుకుంటా. నీ ఇన్విటేషన్ లెటరూ షిప్పు బుకింగ్ కాగితాలూ త్వరగా పంపు. అన్నట్టు మీ అమ్మ పూర్తి శాకాహారం అని బుకింగ్ అప్పుడే రాయించు, గుడ్డు కూడా వద్దని విడిగా చెప్పు. ఆవకాయ ఈ ఏడాది కొంచెం ముందుగానే పెట్టేస్తానంటోంది, నీకు ఎంత కావాలో ఆదివారం ఫోన్లో చెప్పు.

నాన్న