ఫిబ్రవరి వార్తాలేఖ: ఎడ్లబండ్ల ముచ్చట, ఆ వీడియో ముచ్చట

తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతి స్పెషల్ క్లాసుల టైమింగ్‌తో ఈ లేఖ మొదలుపెడదామనుకున్నాను. కానీ వారం రోజులుగా బడి గేటు దగ్గర, చాయ్ హోటల్ దగ్గర, అన్నిటికంటే ఎక్కువగా మన వాట్సాప్ గ్రూపులో ఒకటే ముచ్చట నడుస్తోంది. టైమింగ్ రాసినా ఎవరూ చదవరని తెలుసు. ముందు దాని సంగతి చూద్దాం.

జనవరి చివరి వారంలో పాత పంటల జాతర, అంటే పాత విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పే పండుగ, పక్క ఊరికి వచ్చింది. మన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని 41 మందిని, ముగ్గురు టీచర్లను వెంటబెట్టుకుని నేనే తీసుకెళ్లాను. అక్కడ మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి మైకు అందుకుని రెండు నిమిషాలు మాట్లాడింది. ఎవరో ఫోన్‌లో తీశారు. సాయంత్రానికల్లా మండలమంతా తిరిగింది. తిరిగింది రెండు నిమిషాలూ కాదు, అందులో నలభై సెకన్లు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఆ పిల్ల ఏమన్నదో, వీడియోలో లేని మాటతో సహా రాస్తున్నాను:

"మా అవ్వ ఎకరంల పదకొండు తీర్ల గింజలు ఏస్తది. మా నాయిన రెండెకరాలల్ల పత్తి ఏసిండు. పత్తి తీసేటప్పుడే వాన పడి మొత్తం నల్లగైంది. అవ్వ చేన్ల పెసర్లు పోయినయ్, జొన్న పడిపోయింది, గని కంది నిలవడ్డది. ఇప్పుడు మేం తినే పప్పు అవ్వ చేన్లదే. మా నాయిన అప్పు కట్టాలె. గీ పదకొండు గింజల పేర్లు మాకు బడిల ఎందుకు చెప్తలేరు?"

వీడియో "అప్పు కట్టాలె" దగ్గర ఆగిపోయింది. అందుకే అందరూ "బిడ్డ తండ్రి ఇజ్జత్ తీసింది" అంటున్నారు. ఆఖరి వాక్యం విన్నవాళ్లకు అర్థమవుతుంది, ఆ పిల్ల తప్పుపట్టింది తండ్రిని కాదు, మమ్మల్ని. ఇంకా సూటిగా చెప్పాలంటే నన్ను.

వాళ్ల నాన్న సోమవారం బడికి వచ్చారు. హెల్మెట్ చేతిలో పట్టుకుని నా గది బయట పావుగంట నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు. చివరికి ఒకటే మాట అన్నారు: "మేడం, నా బిడ్డ అబద్ధం చెప్పలేదు. కానీ అందరి ముందు చెప్పింది." నా దగ్గర దానికి ఇప్పటికీ జవాబు లేదు. పత్తి వేయడం ఆయన తప్పని ఎవరూ అనలేదు. పత్తికైతే విత్తనం అరువుకు దొరుకుతుంది, కొనేవాడు ఇంటి ముందుకే వస్తాడు. సామలు పండిస్తే పొట్టు తీయించడానికి ఎక్కడికి పోవాలో, ఎవరికి అమ్మాలో ఆయనకెవరు చెప్పారు? జొన్న వేస్తే పిట్టలు తోలడానికి కూలీ ఎక్కడ దొరుకుతుంది? ఇవన్నీ తెలియకుండా ఆ వీడియోను ఫార్వర్డ్ చేసినవాళ్లలో మన బడి తల్లిదండ్రులు కూడా ఉన్నారు. పేర్లు రాయను. మీకు తెలుసు. దయచేసి డిలీట్ చేయండి.

నా తప్పు ఒకటి ఉంది, ఒప్పుకుంటాను. పిల్లల్ని తీసుకెళ్తున్నామని ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో మెసేజ్ పెట్టి సరిపెట్టాను. కాగితం మీద సంతకాలు తీసుకోలేదు. ఇకమీదట ఊరు దాటితే సంతకం లేకుండా ఒక్క పిల్లను కూడా తీసుకెళ్లం. ఆ మాట అడిగిన తల్లులు న్యాయంగానే అడిగారు. "చదువు మానిపించి ఎడ్ల వెంట తిప్పుతారా" అన్న మాట మాత్రం నాకు బాగా గుచ్చుకుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

"పిల్లకు ఎవరో రాసిచ్చారు" అన్నవాళ్ల కోసం ఇంకొంచెం. ఇదంతా డిసెంబరులో ఇంగ్లిష్ క్లాసులో మొదలైంది. 2018 ఆగస్టులో వాతావరణ మార్పును ఆపాలంటూ స్వీడన్ పార్లమెంటు ముందు అట్టముక్క పట్టుకుని ఒంటరిగా కూర్చున్న గ్రేటా థన్‌బర్గ్ గురించి టీచర్ చెప్తుంటే, వెనక బెంచీ నుంచి ఒకడు "మన దిక్కు ఎవ్వరూ లేరా మేడం?" అని అడిగాడు. లేకేం! జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఎంత దూరం? ఈ జాతర నడిపే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది అక్కడే. ఆ సంస్థ మహిళా సంఘాల్లో ఉన్నది మన చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే, ఎక్కువ మంది దళిత మహిళలు, చాలామంది బడి ముఖం చూడనివాళ్లు. మాచ్నూర్‌లో 2008 అక్టోబరు నుంచి 90.4 ఎఫ్ఎం మీద సంఘం రేడియో నడుపుతున్నది వాళ్లే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వాళ్లకు వచ్చింది. సంస్థను మొదలుపెట్టినవారిలో ఒకరైన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో పోయారు. జాతర బండ్లు ఆగలేదు. ప్రతి సంక్రాంతికీ కదులుతూనే ఉన్నాయి.

మీలో చాలామంది చిన్నప్పుడు ఆ బండ్ల వెనక పరిగెత్తినవాళ్లే కదా! ఇప్పుడు మీ పిల్లలకు అవి కొత్త. ఎడ్ల కొమ్ములకు రంగులు, బండి నిండా గురుగులు (చిన్న మట్టికుండలు), గుల్లలు (బుట్టలు). ఒక్కో గురుగులో ఒక్కో గింజ. ముందు ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ నడుస్తుంటే వెనక డప్పు. మా ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒక గురుగులో చెయ్యి పెట్టి, బూడిద అంటుకుందని గబుక్కున తీసేశాడు. బండి మీది అవ్వ నవ్వి, "బూడిద, యాపాకు కలిపితేనే పురుగు పట్టదు బిడ్డా, నీ మందు డబ్బా నా ఇంట్ల లేదు" అన్నది. వాడు ఆ మాటను ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో రాసుకొచ్చాడు. ఇరవై మూడు గింజల పేర్లూ రాశాడు: తైదలు, సామలు, కొర్రలు, పచ్చజొన్న, అనుములు, బొబ్బర్లు, అవిసెలు, గడ్డినువ్వులు... "పుంటికూర" పక్కన "ఇది గింజ నుంచి వస్తుందా!" అని ఆశ్చర్యార్థకం కూడా పెట్టాడు. యూనిట్ టెస్టులో వాడికి సైన్స్‌లో వచ్చింది ఇరవైకి తొమ్మిది. ఆ నోట్‌బుక్‌కు నేను ఇరవైకి ఇరవై వేస్తాను, ఎవరేమన్నా సరే.

ఇక నేను ఆగలేని విషయం. చలికాలంలో మన నల్లరేగడి చేలల్లో తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె పండిస్తారే, వాటిని మన పెద్దలు సత్యం పంటలు అంటారు. వాన ఉండదు. బోరు నీళ్లు పెట్టరు. మందు కొట్టరు. రేగడిలో మిగిలిన తేమ, తెల్లవారుజామున పడే మంచు, అంతే. కోహీర్‌లో చలి రాష్ట్రంలోనే తక్కువ డిగ్రీలకు పడిందని టీవీలో చెప్తే మనం స్వెటర్ వెతుక్కుంటాం. అదే చలిలో ఈ పంటలు గింజ పడతాయి. చేను అంచున కుసుమ ఎందుకు వేస్తారో తొమ్మిదో తరగతిలో అడిగితే ఒక్కరూ చెప్పలేదు. ముళ్లుంటాయి, గొడ్లు లోపలికి రావు. కంచెకు కంచె, నూనెకు నూనె. జొన్నలో కంది ఎందుకు కలుపుతారు? కంది వేరు లోతుకు పోతుంది, జొన్న వేరు పైన ఉంటుంది, నీళ్ల కోసం కొట్లాట తక్కువ. పైగా కంది గాలిలోని నత్రజనిని వేరుబుడిపెల్లో పట్టి నేలకిస్తుంది. యూరియా బస్తా కోసం లైన్లో నిలబడే పని తగ్గుతుంది. యూరియా ఎక్కువ చల్లితే నైట్రస్ ఆక్సైడ్ గాలిలోకి పోతుంది. వరి మడిలో నెలల తరబడి నీళ్లు నిలిస్తే అడుగున గాలి ఆడక మీథేన్ పుడుతుంది. రెండూ భూమిని వేడెక్కించేవే. వాతావరణ మార్పు అంటే ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ గీసి రంగులేయడం అనుకునే పిల్లలకు ఇది చెప్పడానికి నాకు ప్రొజెక్టర్ అక్కర్లేదు. ఒక అవ్వ, ఒక చాట గింజలు చాలు. అన్నం మానేయమని నేను చెప్పడం లేదు. సన్నబియ్యం మా ఇంట్లోనూ వండుతారు. జొన్నరొట్టె తింటే అన్ని రోగాలూ పోతాయని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ల మాటా నాది కాదు. ఏ వానకు ఏది పోతుందో, ఏది మిగులుతుందో ముందే లెక్కేసి పదకొండు రకాలు కలిపి చల్లిన మనిషిని "చదువు రాదు" అని పక్కన కూర్చోబెట్టాం. నా బాధ అది.

"ఎడ్ల వెంట తిప్పుతారా" అన్న మాట గుచ్చుకుందన్నాను కదా. ఇరవై ఆరేళ్ల సర్వీసులో "చదువుకోకపోతే గొడ్లు కాసుకుంటావు" అని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. నా దగ్గర చదివినవాళ్లే ఇప్పుడు మీరు. ఆ మాట నా నోటి నుంచి నేర్చుకుని నాకే తిరిగి చెప్పారు.

ఆ అమ్మాయి ప్రశ్నకు మేం అనుకున్నది ఇది. నెలలో నాలుగో శనివారం ఎలాగూ నో బ్యాగ్ డే. ఈ నెల నుంచి ఆ రోజు రెండు పీరియడ్లు అవ్వలవీ తాతలవీ. ఎవరైనా రావచ్చు, కుర్చీ వేస్తాం, చాయ్ ఇస్తాం. సైన్స్ టీచర్ వెనక బెంచీలో కూర్చుని నోట్స్ రాసుకుంటారు. మొదటి క్లాసుకు ఆ అమ్మాయి అవ్వే వస్తున్నారు. "నేనేం చెప్పాలె బిడ్డా, నాకు సిగ్గు" అంటూనే, ఏ గింజలు తేవాలో అప్పుడే లెక్క మొదలుపెట్టారు.

లైబ్రరీ గదిలో ఒక మూల విత్తనాల అర కూడా పెట్టాం. పిడికెడు తీసుకున్నవాళ్లు పంటొచ్చాక రెండు పిడికిళ్లు తిరిగివ్వాలి. దీనికోసం "ఇంట్లో పాత విత్తనం ఉంటే పిడికెడు తెండి" అని పిల్లలకు హోంవర్క్ ఇచ్చాం. వచ్చినవాటిలో సగం సూపర్ మార్కెట్ ప్యాకెట్లు. మీరు శ్రద్ధగా కొని పంపినందుకు సంతోషం. అయితే పొట్టు తీసిన కొర్రబియ్యం నేలలో వేస్తే మొలవదు, ఉప్మాకే పనికొస్తుంది. ఒక ఇంట్లో పిల్ల దాచుకున్న ఉలవలు కోళ్లకు వేశారట. కోళ్లు బాగున్నాయని ఆశిస్తున్నాను.

బడి వెనక గోడ దగ్గర రోజూ సాయంత్రం కవర్లు, చిప్స్ ప్యాకెట్లు తగలబెడుతున్నది బయటివాళ్లు కాదు. ఆ పొగ ఏడో తరగతి గదిలోకి వస్తోంది. గేటు బయట ఐదు రూపాయల ప్యాకెట్ కొనుక్కోమని డబ్బులిచ్చి పంపేదీ మనమే, మధ్యాహ్న భోజనం సరిగా తినడం లేదని నాకు ఫోన్ చేసేదీ మనమే. పుట్టినరోజు ఫ్లెక్సీల సంగతి కూడా. మీ బాబు పుట్టినరోజు మాకూ పండుగే, కానీ బడి గేటుకు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి పదిహేను రోజులు వదిలేస్తే ఆ తర్వాత దాన్ని ఏం చేయాలో నాకు తెలియడం లేదు. ఇప్పటికి నాలుగు నా గదిలో చుట్టి ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి. ఒక తల్లి ఫ్లెక్సీ మాని పిల్ల పేరున కానుగ మొక్క పంపారు. దానికి రోజూ నీళ్లు పోస్తున్నాం.

ఇంకొక్కటి చెప్పనివ్వండి. ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు జూన్ నుంచి వాన కొలుస్తున్నారు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా గరాటులా పెట్టి, పక్కన స్కేలు అతికించారు. పొద్దున ఎనిమిదిన్నరకు కొలత, నోట్‌బుక్‌లో తేదీ. ఆదివారం కూడా మానలేదు. చాలా రోజులు "వాన లేదు" అనే ఉంటుంది. వరుసగా పదిహేను, పదహారు "వాన లేదు"లు, తర్వాత ఒకరోజు ఎర్ర పెన్నుతో "సీసా నిండి పొర్లింది, కొలవలేకపోయాం, సారీ మేడం." రోజులు గడిచినా చినుకు లేదు, పడితే ఒక్కపూటలో కుమ్మరిస్తుంది అని మీరంతా చేను గట్టు మీద అనుకునే మాటే అది. తేదీలతో సహా ఆ ఇద్దరి దగ్గర ఉంది. ఈ నెల 28న సైన్స్ డే రోజు ఆ నోట్‌బుక్ టేబుల్ మీద పెడతాం, వచ్చి చూడండి.

మిగతావి త్వరగా: పదో తరగతి స్పెషల్ క్లాసులు ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఐదున్నర దాకా, స్నాక్స్ బడిలోనే. స్కాలర్‌షిప్ కోసం ఆధార్ లింకైన బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ శుక్రవారంలోగా. మన కబడ్డీ అమ్మాయిలు మండల స్థాయిలో గెలిచారు, జిల్లాకు వెళ్తున్నారు, షూ సైజులు చెప్పండి. ఒంటిపూట బడుల తేదీ ఆర్డర్ రాగానే చెప్తాం, రోజూ ఫోన్ చేసి అడగొద్దు. రాత్రి పదకొండుకు పిల్లలు రీల్స్ చూస్తూ నాకు గుడ్ నైట్ మెసేజ్‌లు పెడుతున్నారు. వాళ్ల చేతిలో ఉన్న ఫోన్ మీదేనని గుర్తుచేస్తున్నాను.

తల్లిదండ్రుల సమావేశం రెండో శనివారం పదకొండింటికి. వీడియో గురించి ఇంకా మాట్లాడాలనుకునేవాళ్లు అక్కడ నా ముఖం మీదే మాట్లాడండి. ఆ అమ్మాయి నాన్న కూడా వస్తానన్నారు.

జాతర రోజు మధ్యాహ్న భోజనం తీసుకెళ్లిన బడి స్టీలు గిన్నె ఒకటి ఏదో బండిలో ఉండిపోయింది. మూత మీద పెయింట్‌తో బడి పేరు ఉంటుంది. మీ బంధువుల ఊళ్లో ఎక్కడైనా కనిపిస్తే పంపించండి, వంటమ్మ రోజూ అడుగుతోంది.

మీ
ప్రధానోపాధ్యాయిని