పెద్ద ఇంజన్ దించే ముందు బ్రేకుల సంగతి చూడండి

ఎడిటర్ గారికి,

చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో పెద్ద ఇంజన్ వేయించడం గురించి మీ ఆటోమొబైల్ పేజీలో వచ్చిన కథనం చదివాను. ఆసక్తిగానే ఉంది కానీ, మొదటి నుంచి చివరిదాకా హార్స్‌పవర్ గొడవే తప్ప ఆ ఇంజన్ ఆ బండిలో కూర్చోవడానికి ఏమేం కోశారో, ఏమేం మార్చారో ఒక్క ముక్క లేదు. అది చదివి ఎవరైనా ఊపులో సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనేస్తే, ఆ తర్వాత ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే రాస్తున్నాను.

నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అదనంగా ఎంత పవర్ కావాలన్నదే. పది శాతమో, కాస్త అటూ ఇటూనో చాలనుకుంటే ఉన్న ఇంజన్‌నే ట్యూన్ చేయించుకోండి. ఒకటిన్నర రెట్లు కావాలంటే, అదీ టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని ఇంజన్‌తో, ట్యూనింగ్ మీద డబ్బు తగలేయకండి. అదే కంపెనీ, అదే కుటుంబంలోని (అంటే ఒకే మూల డిజైన్ మీద చేసిన) పెద్ద ఇంజన్ వెతికి, దాన్ని కెలకకుండా ఉన్నదున్నట్టు బండిలోకి దించండి. జనం చేసేది మాత్రం ఎక్కువగా దీనికి తలకిందులు. కొంచెం పికప్ కోసం ఇంజనే మార్చేస్తారు, లేదంటే 1.2 లీటర్ల ఇంజన్‌ని పిండి పిండి 1.8 లీటర్ల పని చేయించాలని చూస్తారు.

టర్బో లేని ఇంజన్‌కి రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం) ఒక్కటే చేయిస్తే వచ్చేది స్వల్పం, ఎందుకంటే ఇంజన్ పీల్చే గాలి పెద్దగా పెరగదు. టర్బో ఉంటే కథ వేరు, బూస్ట్ (టర్బో పంపే గాలి ఒత్తిడి) పెంచి ఇరవై ముప్ఫై శాతం కూడా లాగొచ్చు, కాకపోతే దాంతో పాటు వేడి పెరుగుతుంది, నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలైతే పిస్టన్ రింగుల గట్లు విరిగేదాకా వెళ్తుంది, క్లచ్ జారడం మొదలవుతుంది. టర్బో లేనిదానికి స్పోర్ట్స్ క్యామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌షాఫ్ట్) వేయిస్తే పై ఆర్‌పీఎంలో బండి బాగానే లాగుతుంది గానీ, కింది ఆర్‌పీఎంలో చచ్చుబడిపోయి, సిగ్నల్ దగ్గర ఐడిలింగ్‌లో వణుకుతూ నిలబడుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి అదేం సుఖం? ఇక మూత లేని ఎయిర్ ఫిల్టర్ బానెట్ కింద బిగించుకునేవాళ్లకి ఒక మాట: అది పీల్చేది ఇంజన్ వేడి గాలి. సౌండ్ పెరుగుతుంది, అంతే.

అసలు ఈ రెండింటికంటే ముందు చేయించాల్సిన పని ఒకటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి నిలుస్తుందో కొలవడం. సిలిండర్ల మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే ఆ ఇంజన్‌కి కావాల్సింది ట్యూనింగ్ కాదు, రిపేరు. ప్లగ్గులు, ఇంజెక్టర్లు, వాల్వ్ క్లియరెన్సు, పూడుకుపోయిన కెటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) ఇవన్నీ సరిచేస్తే పోయిన పవర్ తిరిగొచ్చి, పెద్ద ఇంజన్ ఆలోచనే మానుకునేవాళ్లు కొందరుంటారు.

ఇక ఇంజన్ మార్పిడి. ఇందులో ఖరీదైనది ఇంజన్ కాదు, ఇంజన్‌కి తగిలే ప్రతిదీ. మౌంటింగులు (ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే దిమ్మలు) కొత్తగా చేయించాలి, అవి అర అంగుళం తేడా వచ్చినా సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి) వెళ్లి క్రాస్‌మెంబర్‌కి (బండి కింద అడ్డ దూలానికి) తగులుతుంది, లేదా బానెట్ పడదు. డ్రైవ్‌షాఫ్ట్ కోణం తప్పితే గట్టిగా యాక్సిలరేటర్ తొక్కగానే స్టీరింగ్ ఒక పక్కకి లాగేస్తుంది. పాత రేడియేటర్ చాలదు. అన్నిటికంటే తలనొప్పి వైరింగ్: కొత్త ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఇమ్మొబిలైజర్‌ని (అసలు తాళం లేకుండా స్టార్ట్ కానివ్వని దాన్ని) గుర్తించదు, మీటర్ బోర్డు పనిచేయదు, ఏబీఎస్ లైటు ఆరదు. మెకానిక్ పని వారంలో అయిపోతే ఎలక్ట్రీషియన్ దగ్గర బండి నెలల తరబడి పడి ఉంటుంది. అదే కుటుంబం ఇంజన్ అనడం ఇందుకే. ప్యూజో కంపెనీ చిన్న కారు 205 జీటీఐలో అదే కంపెనీ పెద్ద కారు 405 ఎంఐ16 ఇంజన్ దించడం అంత పాపులర్ అవడానికి కారణం 160 హార్స్‌పవర్ ఒక్కటే కాదు, రెండు ఇంజన్లూ ఒకే ఎక్స్‌యూ కుటుంబానివి కావడం.

బరువు సంగతి కూడా ఉంది. ముందు చక్రాలతో నడిచే హ్యాచ్‌బ్యాక్‌లో బరువు ఎక్కువగా ముందు చక్రాల మీదే ఉంటుంది. దాని మీద ఇంకో నలభై యాభై కిలోల ఇనుము పెడితే మలుపులో బండి తిరగనని మొరాయిస్తుంది, స్ప్రింగులూ డ్యాంపర్లూ (షాక్ అబ్జార్బర్లు) మార్చక తప్పదు. బ్రేకుల లెక్క ఇంకా కఠినం: వేగం 100 నుంచి 120 కిలోమీటర్లకు పెరిగితే, బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి 44 శాతం పెరుగుతుంది. వెనక డ్రమ్ములు, ముందు పలచటి డిస్కులు ఉన్న బండి ఒకసారి ఆగుతుంది, రెండోసారీ ఆగుతుంది, దిగుడు రోడ్డులో ఆ తర్వాత బ్రేకులు వేడెక్కి పెడల్ మెత్తబడిపోతుంది.

ఈ పని పద్ధతిగా ఎలా చేయాలో చూడాలంటే పాత బ్రిటిష్ చిన్న కారు మినీనే చూడొచ్చు. 1959లో 848 సీసీ, 34 హార్స్‌పవర్. 1961లో రేసు కార్లు తయారు చేసే జాన్ కూపర్ చేయి పడ్డాక 997 సీసీ, 55 హార్స్‌పవర్. అదే 'ఏ-సిరీస్' (A-Series) ఇంజన్, కాస్త పెంచి, ట్యూన్ చేసింది. దాంతోపాటే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు కూడా వచ్చాయి. ఆ వరుసలో వచ్చిన కూపర్ ఎస్ బళ్లే 1964, 65, 67ల్లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచాయి. ఇంకో చివరన రెనో క్లియో వీ6 ఉంది: 3 లీటర్ల ఇంజన్ చిన్న కారులో పట్టించడానికి కంపెనీ అంతటిది వెనక సీటే పీకేయాల్సి వచ్చింది! మూలనున్న గ్యారేజీలో రెండు వారాల్లో చేసేస్తామంటే నేనైతే నమ్మను.

కాగితాల సంగతి కూడా మీ కథనంలో లేదు. ఇంజన్ నంబరు మారితే రిజిస్ట్రేషన్‌లో మారాలి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలి, చెప్పకపోతే యాక్సిడెంట్ అయిన రోజు క్లెయిమ్ తిరగ్గొట్టడానికి వాళ్లకి అదొక్కటి చాలు. ట్యూనింగ్ కూడా చెప్పాల్సిందే. ఆ ఇంజన్‌కి అనుమతి వస్తుందో రాదో పాత ఇంజన్ విప్పి తీయకముందే కనుక్కోవాలి, ఎందుకంటే కుదరదని కబురు వచ్చేసరికి పాతదాన్ని ఎవరికో అమ్మేసి ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు