జాజ్ ఎట్ల వినాలెనో చెప్పినోళ్లందరికీ నల్లగొండ నుంచి శనార్తులు

జాజ్ (అమెరికల పుట్టిన సంగీతం) ఏ ఆల్బమ్‌తోని మొదలువెట్టాలె, ఎట్ల వినాలె అని మేం అడిగినందుకు ఇంతమంది ఇంత ఓపికగ జవాబిచ్చిన్రు. వట్టి పేర్లు రాసి ఊకోలేదు, ఎక్కడ చెవి వెట్టాలెనో చెప్పిన్రు. మాకు అక్కెరకొచ్చింది అదే. కొత్తగ వినెటోళ్లకు కూడ పనికొస్తదని, ఎవరు ఏం చెప్పిన్రో ఇక్కడ రాస్తున్నం.

ముందుగాల దేవరకొండ మృదంగం సారుకు దండం. పియానో వాయించిన డేవ్ బ్రూబెక్ ఆల్బమ్ 'టైమ్ అవుట్' (1959)ల 'టేక్ ఫైవ్' పాట అయిదు లెక్క. మనోళ్లు ఖండ చాపు అనుకొని రెండు–మూడుగ చప్పట్లు ఏస్తరు, ఊపు తప్పుతది. అది మూడు–రెండు. పియానో ఒక్కటే మాట మళ్లీ మళ్లీ చెప్తుంటది, దాన్ని పట్టుకోవాలె; డ్రమ్స్ సోలోల (ఒక్కరే ముందుకొచ్చి వాయించే కాడ) జో మొరెల్లో ఎటు పోయినా లెక్క పోదు. అదే రికార్డుల 'బ్లూ రాండో'ది తొమ్మిది లెక్క: రెండు, రెండు, రెండు, మూడు. ఇట్ల మూడుసార్లు అయినంక నాలుగోసారి మూడు–మూడు–మూడు వస్తది. చేతులు తడబడేది ఆడనే. సోలోలు మాత్రం నాలుగు లెక్కల నడుస్తయి.

మహబూబ్‌నగర్ అక్కా, ట్రంపెట్ వాయించిన మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' (1959) గురించి మీరు రాసింది అచ్చేసి గోడకు పెట్టుకోవాలె. మొదటి పాట 'సో వాట్' స్వరాలు మన ఖరహరప్రియవే. ఆది తాళంల ఎనిమిది ఆవర్తనాలు నడిచినంక షడ్జం అర మెట్టు పైకి జరుగుతది, నాలుగు ఆవర్తనాలు అక్కడనే ఉంటది, మళ్ల నాలుగు పాత జాగల. ఈ పదహారే సోలోలల్ల తిరుగుతుంటది. తంబూర శ్రుతి పెట్టి వింటే నడుమ నాలుగు ఆవర్తనాలు ఎందుకు కొట్లాడుతదో గిప్పుడు తెలిసింది. ఇంకో ముచ్చట: మొదట్ల పియానో, బాస్ (కింది స్వరాలు పలికే పెద్ద తీగ వాద్యం) లెక్క లేకుండ మోగుతయి. బాస్ ప్రశ్న అడిగినట్టు ఎత్తుకున్నంకనే తాళం మొదలువెట్టాలె.

ఈ రికార్డుతోని శ్రుతి పెట్టె కలుస్తలేదంటే చెవి తప్పు కాదని మిర్యాలగూడ సారు చెప్పిన్రు. 1959 మార్చి 2న 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి వైపు రికార్డు చేసిన టేప్ మిషిన్ జర నెమ్మదిగ తిరిగింది. అందుకే పాత ఎల్‌పీల (పెద్ద నల్ల రికార్డుల) మొదటి వైపు మూడు పాటలు కొంచెం వేగంగ, శ్రుతి పైకి వినవడుతయి. 1990లల్ల మళ్ల అచ్చేసి విడుదల చేసిన రీఇష్యూలల్ల సరిజేసిన్రు. కలిపి వాయించి నేర్చుకునెటోళ్లు అవే కొనాలె.

రికార్డులు కడుగుడు గురించి చెప్పిన నకిరేకల్ అన్నా, మీకు మస్తు రుణపడ్డం. మన బోరు నీళ్లతోని కడిగితే ఆరినంక ఉప్పు తెల్లగ గాడిల పేరుకుంటది, సూది దాని మీద నడిచి చిటపటలాడుతది. లీటరు డిస్టిల్డ్ వాటరుల రెండు మూడు చుక్కల గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి కడగాలె. గాడి ఎటు తిరిగితే బట్ట అటే తిప్పాలె, మళ్ల ఒట్టి డిస్టిల్డ్ వాటరుతోని తీయాలె. నడుమ లేబుల్ తడవొద్దు. నీడకు ఆరవెట్టాలె, నిలువుగ పెట్టాలె. ఎండకాలం పడమటి గోడ పక్కన అస్సలే వద్దు, వంగిపోతయి. డిస్టిల్డ్ వాటరు బ్యాటరీ దుకాణంల అడిగేటప్పుడు సీలు ఉన్న నీళ్ల డబ్బానే తీసుకోవాలె, యాసిడ్ డబ్బా కాదు.

ఫోను స్పీకర్‌ల జాజ్ వినొద్దన్నది కూడ నిజం. బాస్ అడుగు తీగ 41 హెర్ట్జ్ కాడ పలుకుతది, అంత కింది స్వరం ఫోను పలుకలేదు. బాస్ పోతే నడక పోయినట్టే. ఒక్క చెవిల ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా నష్టమే. పాత స్టీరియోల సగం వాద్యాలు ఒకదిక్కే ఉంటయి.

పియానో వాయించిన బిల్ ఎవాన్స్ 1961 జూన్ 25న న్యూయార్క్ జాజ్ క్లబ్ విలేజ్ వాన్‌గార్డ్‌ల చేసిన రికార్డింగ్‌లు చెప్పినోళ్లకు, సాక్సొఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ 'ఎ లవ్ సుప్రీమ్'ను నాలుగు భాగాలు ఆపకుండ వినమన్నోళ్లకు దండాలు. కద్రి గోపాల్‌నాథ్, రుద్రేశ్ మహంతప్ప కలిసి సాక్సొఫోన్ వాయించిన ఆల్బమ్ 'కిన్స్‌మెన్' పేరు చెప్పిన తమ్మునికి ఇంకో దండం. కర్ణాటక సంగీతం విన్న మన చెవికి సాక్సొఫోన్ పరిచయం కావాలంటే మా దృష్టిల ముందు అదే వినాలె.

సూర్యాపేట అన్నా, మీరు పంపిన 78ల (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత లక్క రికార్డుల) సూది చేరింది. ఎల్‌పీ సూది సన్నది, ఆ గాడిల అడుగుకు దిగి మురికిని గీకుతది; 75 మైక్రాన్ల మొన ఉన్న ఇది గాడి గోడల మీద నిలబడ్డది. ఆ లక్క రికార్డులను ఆల్కహాల్‌తోని తుడవొద్దన్న మాట కూడ మతికున్నది.