ఆ రోజు పల్లీ చట్నీ మానేసిన అప్పకి

పాప ఇంటికి వచ్చేసింది. దద్దుర్లు తగ్గాయి, ఊపిరి మామూలుగా తీసుకుంటోంది, మధ్యాహ్నం పప్పన్నం తిని పడుకుంది. ఫోన్లు, మెసేజ్‌లు చేసిన అందరికీ విడివిడిగా జవాబిచ్చే ఓపిక నాకు లేదు. కళ్ళు మూతలు పడుతున్నాయి. కానీ ఇది రాయకుండా పడుకోలేను.

తెలియనివాళ్ళ కోసం జరిగింది చెప్తాను. మా పాపకి పాలు, వేరుశెనగ పడవు. పాలంటే గ్లాసులో పోసుకుని తాగేవి మాత్రమే కాదు, పెరుగు, నెయ్యి, వెన్న, పాలపొడి కలిసిన బ్రెడ్డు, బిస్కెట్టు, అన్నీ. ఇది అరగకపోవడం కాదు. పాలలో ఉండే ప్రొటీన్‌ని ఒళ్ళు శత్రువు అనుకుని తిరగబడుతుంది. ఆదివారం సాయంత్రం స్వీట్ షాపులో విడిగా అమ్మే జంతికలు కొన్నాం. ఎప్పటిలాగే "వెన్న వేశారా, పల్లీ పొడి ఏమైనా కలిపారా" అని అడిగాం. "లేదమ్మా, బియ్యప్పిండి, వాము, నువ్వులు, అంతే" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. పిండి వెన్నతోనే కలిపారని మా ఆయన మర్నాడు వెళ్ళి వంటవాళ్ళని అడిగితే తెలిసింది. జంతిక తిన్న కాసేపటికే పాప పెదాలు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, వాంతి అయింది, దగ్గు మొదలై పిల్లికూతల్లోకి దిగింది.

ముందు దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి పరిగెత్తాం. ఎవిల్ ఇంజెక్షన్ ఇచ్చి, "కాసేపు చూద్దాం" అన్నారు. దురద తగ్గడానికి అది పనికొస్తుందేమో గానీ, ఊపిరి అందనప్పుడు ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్. తొడ బయటివైపు కండరంలో, ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. పాప డాక్టరుగారు మాకు రాసిచ్చిన కాగితంలో అదే ఉంది. ఆ కాగితం చూపిస్తే "మీరు టెన్షన్ పడకండి" అన్నారు తప్ప చదవలేదు. అక్కడి నుంచి ఆటోలో మహారాణిపేట వైపు ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకొచ్చాం. అక్కడ క్యాజువాలిటీలో ఉన్న డాక్టరమ్మ పాప మొహం చూసి ఇంకేమీ అడగకుండా అడ్రినలిన్ ఇచ్చారు. నీలం తిరిగిన పెదాలు మళ్ళీ ఎర్రబడడం నా కళ్ళతో చూశాను. అమ్మా, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను. తగ్గాక కూడా కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చని ఆవిడే అక్కడ ఉంచారు. అన్నట్టుగానే అర్ధరాత్రి తిరగబెట్టింది. మేం ఇంటికి వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించలేకపోతున్నాను.

మా ఆయన, అత్తయ్యగారు, అమ్మ, తమ్ముడు అందరూ తలో పని అందుకున్నారు. వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

నేను చెప్పాలనుకున్నది ఒకావిడ గురించి. పైన అప్ప, అంటే అక్క, అన్నది ఆవిడనే. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

తెల్లవారేసరికి పాప ఆకలి అని ఏడుపు. ముందురోజు తిన్నదంతా వాంతి అయిపోయింది కదా. ఆసుపత్రి వంటింటి నుంచి ట్రే వచ్చింది. పాలు, బ్రెడ్డు! మంచానికి తగిలించిన కేస్ షీటు మీద పాలు పడవని ఎర్ర ఇంకుతో రాసి ఉంది. వెనక్కి పంపితే పొంగలి తెచ్చారు, పైన నెయ్యి మెరుస్తోంది. మా ఇల్లు కూర్మన్నపాలెం. అక్కడ వండి, ఆ ట్రాఫిక్‌లో తెచ్చేసరికి ఎంతసేపవుతుందో వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. వేడినీళ్ళయినా దొరుకుతాయని ఫ్లాస్కు పట్టుకుని కిందికి దిగాను.

గేటు ఎదురు సందులో టిఫిన్ బండి ఉంది. వెనకాల చిన్న రేకుల గది. ఆవిడ ఇడ్లీ రేకులు తీస్తూ నన్ను చూసి, "ఏటమ్మా, గుంటకి బాగోలేదా?" అంది. నా ఒళ్ళో పిల్ల లేదు, అయినా ఎలా తెలిసిందో. చెప్పాను. చెప్పేటప్పుడే నాకు తెలుసు, తర్వాత ఏం వినాలో. "కొంచెం తింటే ఏం కాదులే", "మా పిల్లలకి ఇలాంటివి ఎప్పుడూ లేవు", "మీరు మరీ సుకుమారంగా పెంచుతున్నారు". ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, బస్సుల్లో విన్న మాటలే.

ఆవిడ ఒక్కటి కూడా అనలేదు. "మాది పలాస కాడ. చిన్నప్పుడు జీడిపిక్కలు కొట్టడానికి ఎల్లీవాళ్ళం. ఆ జీడి సొన తగిలితే నా చేతులు పొక్కులెక్కిపోయీవి. నా పక్కన కూకున్నదానికి ఏటయ్యీది కాదు. పడకపోతే పడదంతే. లోపలికి రా" అంది.

లోపలికి తీసుకెళ్ళి ఏం చేసిందో వివరంగా రాస్తాను, ఎందుకంటే పెద్ద పెద్ద హోటళ్ళలో కూడా ఇంత జాగ్రత్త నేను చూడలేదు. పల్లీ చట్నీ గిన్నె మీద మూత పెట్టి, దూరంగా బండి అవతలికి జరిపించింది. మనవరాలి బారసాలకి ఎవరో ఇచ్చిన స్టీలు గిన్నె, ఇంకా స్టిక్కరు కూడా ఊడని గిన్నె, అటక మీంచి దించింది. కొత్త పీచు, కొత్త సబ్బుతో తోమి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, "నువ్వు ఇక్కడే నిలబడి సూడు, నీ కళ్ళముందే వండుతాను" అంది. బియ్యం, కందిపప్పు, ఉప్పు. పోపు వెయ్యబోయి ఆగింది. "ఈ నూనె డబ్బాలోంచి ఇడిగా తెచ్చింది. దీన్లో ఏటి కలిసిందో నాకు తెల్దు. నూనె లేకుండా సేద్దాం" అంది.

నాకు తెలియదు అని చెప్పింది! అంతవరకూ ఆపుకున్న ఏడుపు అక్కడ తన్నుకొచ్చింది. తెలియకపోయినా "లేదమ్మా" అనేవాళ్ళ మధ్య బతుకుతున్నాం మేం. ఆ ఒక్క మాట మా పాపని ఎంత కాపాడుతుందో ఆవిడకి తెలుసో లేదో. ఇడ్లీల కోసం బయట నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళని ఆగమంది. నా వీపు మీద చెయ్యి వేసి, "ముందు పిల్ల తినాలి, నువ్వు తర్వాత ఏడు" అంది.

ఆ మెత్తటి పప్పన్నం పాప గిన్నెడు తింది.

మర్నాడు పొద్దున్న దిగేసరికి బండి మీద పల్లీ చట్నీ లేదు. అల్లం చట్నీ, టమాటా చట్నీ మాత్రమే. పల్లీ చట్నీ లేకుండా మన ఊళ్ళో టిఫిన్ బండి నడుస్తుందా? వచ్చినవాళ్ళు అడుగుతుంటే "ఈయాల లేదు బాబూ" అంటోంది, కారణం చెప్పట్లేదు. కొందరు వెనక్కి వెళ్ళిపోవడం నేను చూశాను. నన్ను చూసి, "గుంట ఇడ్లీ అడుగుతాదేమోనని రాత్రే రేకులు ఉడకబెట్టి కడిగేసినాను" అని, వేడి ఇడ్లీలు అరిటాకులో కట్టి ఇచ్చింది. డబ్బులు చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి లాగేసుకుంది. అప్పా, నా సొంత అక్కయినా ఇంతకంటే ఏం చేస్తుంది? మీ అబ్బాయి ఇది చూస్తే మీకు చదివి వినిపించాలని కోరుకుంటున్నాను. పాప కొంచెం కోలుకోగానే తీసుకొస్తాను.

ఇంకొక్క మాట. టిఫిన్ బండి నడిపే ఆవిడ చేయగలిగింది, డైటీషియన్ ఉన్న ఆసుపత్రి వంటిల్లు ఎందుకు చేయలేదు? 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్లో అమ్మే వాటి మీద పాలు, గుడ్డు, చేపలు, వేరుశెనగ, జీడిపప్పు లాంటి పిక్కలు, సోయా, గోధుమ ఉంటే రాసి తీరాలి. విడిగా తూచి అమ్మే జంతికల మీద ఏం చదువుకోవాలి? అడిగితే చెప్పే మనిషి నోటి మాటే మాకు లేబులు. అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను లాంటి పరికరంలో ఉంటుంది, బట్టల మీంచే తొడలో నొక్కేయొచ్చు. మేం తిరిగిన మందుల షాపుల్లో ఎక్కడా దొరకలేదు. చివరికి ఆంప్యూలు, సిరంజి పెట్టుకుని, గాజు విరిచి మందు లాగడం నేర్చుకుని వచ్చాం. ఊపిరాడని పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఏ తల్లి చేతులు వణక్కుండా ఆ పని చేయగలదు? సంబంధిత అధికారులు ఎవరైనా చదువుతుంటే దయచేసి ఆలోచించండి.

అయ్యో, ఇంకా చాలామంది ఉన్నారు. మీటరూ బేరమూ లేకుండా సిగ్నళ్ళ దగ్గర హారన్ కొట్టుకుంటూ తీసుకొచ్చిన ఆటో అన్న. రాత్రంతా పాప ఊపిరి లెక్కపెట్టిన సిస్టర్. సూదికి భయపడితే చేతి మీద సీతాకోకచిలుక గీసింది కూడా ఆవిడే. పక్క మంచం మామ్మగారు, పెరుగన్నం తినాల్సొచ్చిన ప్రతిసారీ వరండాలోకి వెళ్ళి తిని, చేతులు కడుక్కుని వచ్చేవారు. ఆంప్యూలు పగలకుండా సబ్బుపెట్టెలో దూది పెట్టి సర్దిచ్చిన మందుల షాపు కుర్రాడు. పాప క్లాస్ టీచర్‌గారు కూడా. మేడమ్, మీ పేరు కింద రాయాల్సొచ్చింది, ఏమీ అనుకోకండి.

లిఫ్టు దగ్గర నా ఫోను ఆగిపోతే తన చార్జర్ నా చేతిలో పెట్టి హడావుడిగా వెళ్ళిపోయిన చారల చొక్కా అన్నయ్యా, అది నా దగ్గరే ఉంది. ఎక్కడికి తెచ్చివ్వమంటారో చెప్పండి.