పట్టుబడ్డ శత్రు అధికారి మాటను దస్త్రంలోకి ఎక్కించండి: రక్షణ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి,

1999 జూలైలో టైగర్ హిల్ మీద పోరాడి చనిపోయిన పాక్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (‘కర్నల్’ అతని పేరులోని మాటే, హోదా కాదు) జేబులో, అతని తెగువను మెచ్చుకుంటూ మన బ్రిగేడియర్ బాజ్వా ఒక చీటీ పెట్టి పంపారు. ఆ దేశం అతనికి తన అత్యున్నత శౌర్య పురస్కారం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. ఇటు 1971 డిసెంబర్ 16న బసంతర్ పోరులో మన ట్యాంకు దళ అధికారి అరుణ్ ఖేతర్‌పాల్ ఎలా పోరాడాడో, ఆయనకు ఎదురు నిలిచిన పాక్ అధికారి నాసర్ చెప్పగా తండ్రి విన్నది 2001లో. మధ్యలో ముప్పై ఏళ్లు గడిచిపోయాయి.

మనకు చిక్కిన అధికారి అయితే మన శిబిరంలోనే ఉంటాడు, చూసింది ఇంకా కళ్ల ముందే ఆడుతుంటుంది. అందుకే మన జవాన్లు ఎలా పోరాడారో అతను చెప్పే మాటను రాసుకునే పద్ధతి ఒకటి స్థిరపడాలి.

ముందుగా, దీన్ని ఇంటరాగేషన్‌తో కలపకండి. కలిపితే ఆ కాగితం రహస్య దస్త్రంలో పడి మరి బయటికి రాదు. మూడో జెనీవా ఒప్పందం 17వ అధికరణ ప్రకారం యుద్ధఖైదీ చెప్పి తీరాల్సింది పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య మాత్రమే. మిగతాదంతా అతని ఇష్టం. గాయాలకు వైద్యం అంది, వారంలోపు పంపాల్సిన క్యాప్చర్ కార్డు (తాను పట్టుబడ్డానని ఇంటికి తెలిపేది) వెళ్లాక, నిదానంగా అడగాలి. భుజం మీది హోదా గుర్తులు అప్పటికీ అలాగే ఉండాలి. వాటిని ఊడబెరికిన చోట ఏ అధికారీ మనసు విప్పడు. వద్దంటే వదిలేయాలి.

రాస్తానంటే అతని భాషలోనే, అతని చేత్తోనే రాయనివ్వాలి. మన జవాను పేరు అతనికి తెలియదు కాబట్టి తేదీ, వేళ, చోటు, దూరం, ఏ బంకరు, ఏ ఆయుధం అన్నవి అడగండి. ‘బాగా పోరాడారు’ అన్న వాక్యం ఎవరికీ పనికిరాదు. ‘ఎడమ బంకరులోని ఎల్ఎంజీ (తేలికపాటి మెషిన్ గన్) తూటాలు అయ్యేదాకా ఆగలేదు’ అంటే మనిషి ఎవరో తేలుతుంది. అనువాదం వేరే కాగితం మీద ఉండాలి, అసలు ప్రతిని పారేయకూడదు.

బందీ భయంతోనూ పొగుడుతాడు. అందుకే యూనిట్ రోజువారీ యుద్ధ నమోదు అయిన వార్ డైరీతో, వైర్‌లెస్ లాగ్‌తో సరిచూశాకే సైటేషన్‌కు, అంటే జవాను శౌర్య పురస్కారానికి రాసే వివరణకు, జతచేయాలి. ఫోన్లో వీడియో తీయడం మాత్రం అసలు కూడదు: బందీలను జనం చూపులకు వేడుక చేయకూడదని 13వ అధికరణ చెబుతోంది. పైగా శత్రువును పొగిడాడన్న మాట అతను ఇల్లు చేరకముందే బయటపడితే సొంత సైన్యమే అనుమానిస్తుంది. పేరు వెల్లడించాలంటే అతను స్వదేశం చేరి ఒప్పుకోవాలి.

ఈ ప్రశ్నలతో ఒక్క పేజీ పత్రం తయారుచేసి, దాన్ని ఉర్దూ, పష్తో, చైనీస్ భాషల్లో అచ్చువేయించి ప్రతి బ్రిగేడ్‌కూ పంపండి. యుద్ధఖైదీలతో ఎలా నడుచుకోవాలో మన సైనికులకు నేర్పే శిక్షణలో ఒక గంట దీనికి ఇప్పించండి.

ఇట్లు,
పదాతిదళ విశ్రాంత అధికారులు